తెల్లగీత పక్కన మాకు దారివ్వండి



మేం నలుగురు స్నేహితులం హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా సైకిళ్ల మీద వెళ్లాం. 65వ నంబరు జాతీయ రహదారిలో సూర్యాపేట, కోదాడ, నందిగామ దాటి బెజవాడ చేరాం. అక్కణ్నుంచి 16వ నంబరు రహదారి పట్టుకుని ఏలూరు, తణుకు, రావులపాలెం, అన్నవరం, తుని మీదుగా సముద్రం ఒడ్డుకు వచ్చాం. మొత్తం 600 కిలోమీటర్ల పైచిలుకు. ఆర్కే బీచ్‌లో సైకిళ్లు దిగి, నలుగురం క్షేమమేనని ఇళ్లకు ఫోన్లు చేసుకున్నాం. దారి పొడవునా రోడ్డెక్కే మీలో ఎందరో చోటిచ్చారు కాబట్టే క్షేమంగా చేరాం. అందుకు చేతులెత్తి మొక్కుతూ ఒక్క మనవి చేస్తున్నాం: తెల్లగీతకు ఎడమ పక్కనున్న రోడ్డు మార్జిన్‌ను సైకిళ్లకూ, నడిచేవాళ్లకూ వదలండి.

ఇది మా నలుగురి కోసం అడుగుతున్నది కాదు. మేం ఇష్టపడి వెళ్లాం, పూర్తయ్యాక రైలెక్కి ఇంటికొచ్చేశాం. పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామునే బయల్దేరేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, పక్కూరి హైస్కూలుకు వెళ్లే పిల్లలు రోజూ ఆ మార్జిన్ మీదే పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్లిచ్చింది. సైకిలిచ్చిన చేత్తోనే దారి కూడా చూపించాలి కదా.

లారీ, బస్సు డ్రైవరు సోదరులారా! మీ బండి వేగంగా దాటుతున్నప్పుడు గాలి ముందు మమ్మల్ని పక్కకు నెడుతుంది, ఆ వెంటనే మీ వైపుకు లాగుతుంది. పెద్దవాళ్లకే హ్యాండిల్ ఊగిపోతుంది, పన్నెండేళ్ల పిల్ల ఎలా ఆపుకుంటుంది? కనీసం మీటరున్నర ఎడం వదిలి దాటండి. సరిగ్గా వెనకాలకొచ్చి పెద్ద హారన్ కొట్టకండి, ఉలిక్కిపడితే రోడ్డు మీదికే పడతాం. గోదావరి పాయల మీది పొడవాటి వంతెనలపై మాకు తప్పుకునే చోటుండదు. అక్కడ ఒక్క నిమిషం ఓర్చుకోండి. రాత్రిపూట బండి మార్జిన్‌లో ఆపక తప్పకపోతే వెనక లైట్లు వేసి ఉంచండి.

రాంగ్ రూట్‌లో వచ్చే బైకు మిత్రులారా! యూటర్న్ దూరమని మీరు మార్జిన్‌లో ఎదురొస్తే, మేం లారీల మధ్యలోకి దిగాల్సి వస్తుంది. మీకు కలిసొచ్చేది ఐదు నిమిషాలు, పోయేది ఎదుటివాడి ప్రాణం కావచ్చు.

రైతన్నలకు కూడా ఒక మాట. కోతల కాలంలో మార్జిన్ నిండా ధాన్యమే. చుట్టూ బండరాళ్లు పెడతారు, చీకటి పడగానే నల్ల పట్టా కప్పుతారు. నల్లటి రోడ్డు మీద ఆ నల్ల పట్టా దగ్గరికొచ్చేదాకా కనపడదు. మీ కష్టం మాకు తెలుసు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, ఆరబెట్టుకుందామంటే ఊళ్లో కల్లం లేదు. అందుకే పంచాయతీలనూ, ప్రభుత్వాలనూ అడుగుతున్నాం: ఊరూరా సిమెంటు కల్లాలు కట్టించండి. అవి వచ్చేదాకా రైతన్నలు కనీసం రాళ్లయినా పెట్టకుండా ఉంటే చాలు.

రహదారుల అధికారులకు విన్నపం. పేలిన లారీ టైర్ల ముక్కలు మార్జిన్‌లోనే పడి ఉంటున్నాయి. వాటిలోని ఉక్కు తీగలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. సైకిలు టైరులో దిగితే పైకి కనపడవు. లోపల వేలితో తడుముతూ వెతికి, గోళ్ల కత్తెరతో పట్టి లాగాలి. ఒక్క తీగ మిగిలినా కొత్త ట్యూబు మళ్లీ పంక్చరే. రోడ్డు మధ్యభాగం ఊడ్చినంత శ్రద్ధగా మార్జిన్ కూడా ఊడ్పించండి.

సైకిలు మిత్రులారా, మన బాధ్యత మనకుంది. వెనక ఎర్రలైటు, మెరిసే జాకెట్టు, హెల్మెట్టు లేకుండా హైవే ఎక్కొద్దు. కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన తొక్కొద్దు, ఒకరి వెనక ఒకరు వెళ్లండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. జట్టులో అందరికన్నా మెల్లగా తొక్కేవాళ్లను చివర ఒంటరిగా వదిలేయొద్దు. పొద్దు గూకేలోపు బస చేరేలా రోజు లెక్క వేసుకోండి.

చివరిగా, ఎవరైనా పడిపోయి కనిపిస్తే దయచేసి ఆగండి. పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ మీకు అండగా ఉంది. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదు, పేరు చెప్పమనో సాక్ష్యం ఇమ్మనో బలవంతం చేయకూడదు. అంబులెన్సుకు 108, జాతీయ రహదారుల మీద సాయానికి 1033. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే మీ ఫోన్లలో వేసుకోండి.

మార్జిన్ వదలడానికి పైసా ఖర్చు కాదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. రేపు మీరు బండి తీసేటప్పుడు తెల్లగీతకు లోపలే నడపండి. మీ ఇంట్లోవాళ్లకూ, మీ డ్రైవరుకూ ఈ మాట చెప్పండి.