రెండు శాతంతో తీరని బాకీ

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఫ్యాక్టరీలు హోసూరు దాటి డెంకణికోట వైపు వచ్చేశాయి. 1970లలో ప్రభుత్వ సంస్థ సిప్కాట్ పారిశ్రామికవాడతో మొదలైన ఈ విస్తరణ అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్‌ల మీదుగా సాగి, ఇప్పుడు ఉద్దనపల్లి పక్కన నాగమంగలంలో సెల్‌ఫోన్ విడిభాగాలు చేసే టాటా ఎలక్ట్రానిక్స్ దాకా చేరింది. రాగి, టమాటా, గులాబీ పండే ఈ సీమలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఇళ్లలో వినిపిస్తాయి. ఈ ఊళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటే: మా పక్కకొచ్చిన కంపెనీ మాకేం బాకీ?

దీనికి చట్టం ఒక లెక్క కట్టింది. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ చెప్పే ఈ నియమం 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తాను పనిచేసే ప్రాంతానికే కంపెనీ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులో ఉంది. దీనివల్ల మేలేమీ జరగలేదనడం అన్యాయం. అంచెట్టి వైపు కొండ పల్లెల సర్కారు బడుల్లో వెనుకబడిన పిల్లల చదువు కోసం అశోక్ లేలాండ్ ‘రోడ్ టు స్కూల్’ కార్యక్రమం నడుపుతోంది.

అయితే ఈ లెక్కలో పెద్ద లోటు ఉంది. సొంత ఉద్యోగులకే మేలు చేసే ఖర్చునూ, మామూలు వ్యాపారంలో భాగమైన పనినీ ఆ 2 శాతంలో చూపకూడదు. నియమం సబబైనదే. కానీ దాని ఫలితంగా రాత్రి షిఫ్టులో ఆడపిల్ల భద్రత, హాస్టల్ గది, రసాయనాల గోదాము, తోడే బోరునీళ్లు, ఇవేవీ సామాజిక బాధ్యత పద్దులోకి రావు. బడికి బెంచీలిచ్చిన ఫొటో మాత్రం వస్తుంది. లాభం ఎలా వచ్చిందో పక్కకుపోయి, వచ్చాక ఎంత పంచారన్నదే బాధ్యతగా చలామణీ అవుతోంది.

ఈ చట్టం పుట్టకముందే హోసూరు ఇంతకంటే మంచి పద్ధతిని చూసింది. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో టైటాన్‌ను స్థాపించాయి. జెర్క్సెస్ దేశాయ్ నాయకత్వంలో ఆ కంపెనీ చిన్న ఊళ్ల బడుల నుంచి పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల్ని ఎంచుకుని గడియారాల పని నేర్పింది. ఇల్లు వదిలి వచ్చిన వాళ్లను హోసూరులో అద్దె ఇళ్లలో ఉంచి, కన్నవాళ్ల స్థానంలో బాగోగులు చూసే పెద్దల్ని పెట్టింది. వినికిడి లేనివారితో సహా దివ్యాంగులకు మొదట్నుంచీ ఉత్పత్తిలోనే పని ఇచ్చింది. 1990లలో స్వచ్ఛంద సంస్థ మైరాడా తోడుతో హోసూరు పరిసర పల్లెల మహిళా సంఘాల సభ్యులు ‘మెడో’ అనే సంస్థ పెట్టుకుని టైటాన్‌కు గడియారపు గొలుసులు కూర్చి ఇచ్చారు. అక్కడ ఆ మహిళలు దానం పుచ్చుకున్నవాళ్లు కారు, ఒప్పందం చేసుకుని పని చేసినవాళ్లు. అందరినీ కలుపుకోవడమన్నది వ్యాపారంలోనే భాగమైతే ఎలా ఉంటుందో ఇది చూపింది.

ఇప్పుడు ఈ జిల్లా మరింత పెద్ద మార్పులో ఉంది. పోచంపల్లిలోని ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీని పూర్తిగా మహిళలతోనే నడుపుతామని 2021లో కంపెనీ ప్రకటించింది. టాటా ఎలక్ట్రానిక్స్‌లో వేలమంది యువతులు పనిచేస్తున్నారు. జార్ఖండ్ లాంటి దూర రాష్ట్రాల నుంచీ అమ్మాయిలు వస్తున్నారు. ఆడపిల్ల చేతికి నెలజీతం రావడం మంచి మార్పు, ఇందులో రెండో మాట లేదు. కానీ 2024 సెప్టెంబరు 28న టాటా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పెద్ద మంటలు లేచి ఉత్పత్తి ఆగిపోయింది. 2025 నవంబరులో ఆ కంపెనీ మహిళా కార్మికుల హాస్టల్‌లో రహస్య కెమెరా బయటపడి, అమ్మాయిలు పెద్ద సంఖ్యలో ఆందోళనకు దిగారు. ఎంతమంది మహిళలకు ఉద్యోగాలిచ్చారన్న అంకె ఒక్కటే సరిపోదని ఈ రెండు ఘటనలూ చెబుతున్నాయి. ఇల్లు వదిలి వచ్చిన పిల్ల నిద్రపోయే గది కూడా కంపెనీ బాధ్యతే.

ఇక నేల, నీరు, అడవి. సిప్కాట్ విస్తరణకు సాగుభూములు ఇవ్వబోమని ఉద్దనపల్లి, నాగమంగలం ప్రాంత రైతులు నెలల తరబడి పోరాడారు. రాగి కోతల కాలంలో బన్నేరుఘట్ట అడవి నుంచి జవళగిరి, డెంకణికోట మీదుగా సానమావు దాకా ఏనుగుల మందలు దిగుతాయి. రైతు చేలోనే మంట వేసుకుని రాత్రంతా కాపలా కాస్తాడు. ఏనుగుల దారిలో గోడ లేస్తే అవి ఆగవు, పక్క చేలో పడతాయి. ఆ నష్టం కంపెనీ పద్దులో ఉండదు, రైతు పద్దులో ఉంటుంది. బెంగళూరు మురుగు మోసుకొచ్చే దక్షిణ పినాకిని కెలవరపల్లి జలాశయం దగ్గర నురగలు కక్కుతోంది. దీన్ని ఏ ఒక్క కంపెనీ 2 శాతమూ కడగలేదు. కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలు రెండూ పూనుకోవాలి.

దేశంలోని తొలి 1,000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, ఉద్యోగుల బాగోగులపై ఏటా నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. మంచిదే, కానీ స్టాక్ మార్కెట్‌లో లేని కంపెనీలకు అది వర్తించదు. పైగా దేశమంతటి అంకెలు కలిపేస్తే మన ఊరి బోరు సంగతి తెలియదు. అందుకే ప్రతి ఫ్యాక్టరీ తన లెక్కను తన పంచాయతీకి చెప్పాలి: తోడిన నీరు, వదిలిన వ్యర్థం, జరిగిన ప్రమాదాలు, స్థానికులకూ దివ్యాంగులకూ ఇచ్చిన ఉద్యోగాలు. భద్రతా శిక్షణ, ప్రమాద సూచికలు, ఫిర్యాదు పత్రాలు కార్మికులకు వచ్చిన భాషలో ఉండాలి. ఇక్కడ తమిళంతో పాటు తెలుగు, కన్నడం, హిందీ అవసరం. హాస్టల్ నడిపేది కాంట్రాక్టరే అయినా జవాబు కంపెనీయే చెప్పాలి. ఏనుగుల దారులు తేలాకే కొత్త భూసేకరణ జరగాలి.

తమిళనాడులో ఏటా ఆరు గ్రామసభలు జరుగుతాయి. మార్చి 22న నీటి దినం సభ, మే 1న కార్మిక దినం సభ వాటిలో ఉన్నాయి. డెంకణికోట పల్లెల వాళ్లు ఆ రెండు సభల్లో కూర్చుని ఈ లెక్కలు అడగాలి, తీర్మానంగా రాయించాలి. అడగని బాకీని ఏ కంపెనీ తనంతట తాను తీర్చదు.