గ్రంథకర్త యెవరితో మాటలాడును?

గ్రంథకర్త గురువనియు, పాఠకుడు శిష్యుడనియు మన మనుకొనుట వాడుక. అచ్చయిన మాట యెల్ల ప్రమాణమే యని తలతుము. ఈ తలంపును కాదన్న గ్రంథకర్త యొకడు కలడు. ఆయన డెన్మార్కు దేశపు తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ (1813–1855).

ఆయన క్రైస్తవ మతనిష్ఠ గలవాడు. అయినను 1843లో భక్తి ప్రసంగములను ప్రకటించుచు, బోధించు అధికారము తనకు లేదనియు, తాను గురువును కాననియు పీఠికలో వ్రాసికొనెను. ఆ పీఠిక జనసమూహము నుద్దేశించినది కాదు. పుస్తకమును తనకొరకే వ్రాసినట్లు చదువుకొను ఒక్క పాఠకుని ఉద్దేశించినది. ఆ యేటనే వెలువడిన మరియొక గొప్ప గ్రంథమునకు తన పేరు పెట్టక కల్పితనామము పెట్టెను. గ్రంథకర్త తీర్పు కొరకు వెదకక, "నే నెట్లు బ్రతుకవలెను?" అని పాఠకుడు తన్ను తానే ప్రశ్నించుకొనవలెనని ఆయన యాశయము. 1851లో, తన గ్రంథములకు తాను కర్తను గాక పాఠకుడనే యని యెంచుకొనుచున్నట్లు తెలిపెను.

అట్లయిన గ్రంథకర్త యెందులకు? కీర్కెగార్డ్ మిగుల గౌరవించిన సోక్రటీసు తన్ను మంత్రసానితో పోల్చుకొనెను. బిడ్డ తల్లిది, మంత్రసాని తోడు మాత్రమే. గ్రంథకర్తయు నట్టివాడే.

ఈ సంగతి తెలిసినపుడు నాకు సిగ్గు కలిగినది. నిరుడు తరగతిలో వేమన పద్య మొకటి యిచ్చి భావము వ్రాయుమంటిని. ముప్పది కాగితములలోను ఒకే వాక్యము! అది నేను నల్లబల్లపై వ్రాసినదే. అందరికిని మార్కులు వచ్చినవి. పద్యము మాత్ర మెవరికిని చేరలేదు. తప్పు పిల్లలది కాదు, నాది.

ఇచ్చట తెలుగు చదువువారు కొలదిమందియే యని మనము చింతించుచుందుము. కీర్కెగార్డ్ వ్రాసిన డేనిష్ భాషయు చిన్నదే. ఆ కాలమున సిద్ధాంత వ్యాసములు లాటినులో నుండవలెను. 1841లో ఆయన రాజునకు విన్నపము చేసికొని, అనుమతి పొంది, మాతృభాషలోనే తన వ్యాసమును సమర్పించెను. పాఠకుల సంఖ్య ఆయనకు ముఖ్యము కాదు; మనసు పెట్టి చదువు ఒక్కడు చాలును. ఆ యొక్కడు మన బడిలో ఏల ఉండరాదు?

తలిదండ్రులారా! రాత్రి భోజనములైన పిదప పిల్లలచేత ఒక పద్యము చదివించి, "నీ కేమి తోచినది?" అని యడుగుడు. విద్యార్థులారా! ఇకమీద నల్లబల్ల వైపు చూడక, తప్పైనను మీ మాటనే వ్రాయుడు. దిద్దుటకు నేనున్నాను.