మౌనంగా ఉండమనే సలహా కూడా హింసే

మన ఒడిశాలో రజో పండుగ అంటే భూమిని స్త్రీగా గౌరవించే పండుగ. జూన్ నెల మధ్యలో మూడు రోజులు భూదేవి ఋతుమతి అవుతుందని నమ్మి నాగలి పట్టరు. ఆడపిల్లలకు పని చెప్పరు, ఉయ్యాలలు కట్టి ఊగమంటారు. 2025లో ఆ పండుగ రోజుల్లోనే, జూన్ 15 ఆదివారం నాడు, మన బరంపురం పక్కనున్న గోపాల్‌పూర్ సముద్రతీరంలో 20 ఏళ్ల కళాశాల విద్యార్థినిపై సామూహిక అత్యాచారం జరిగింది. పోలీసులు 10 మందిని పట్టుకున్నారు. వారిలో నలుగురు 18 ఏళ్లు నిండని బాలురు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన నోట ముందుగా వచ్చే ప్రశ్న ఏమిటి? "ఆ వేళప్పుడు ఆ అమ్మాయి అక్కడికి ఎందుకు వెళ్లింది?" గేట్ బజార్ టీ కొట్టు దగ్గరా ఇదే మాట, ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలోనూ ఇదే మాట. ఆ 10 మంది అక్కడికి ఎందుకు వెళ్లారు, ఆ నలుగురు బాలురకు ఇంట్లో, బడిలో, గుడిలో, చర్చిలో ఎవరు ఏమి నేర్పారు అని అడిగేవారు తక్కువ.

ప్రియమైన యౌవనులారా, స్త్రీపై హింస ఏ ఒక్క దేశానికో, మతానికో చెందినది కాదు. చైనాలో ఆడపిల్లల పాదాలను చిన్నతనంలోనే విరిచి కట్టి దాన్ని అందమన్నారు. మన దేశంలో భర్త చితిపై భార్యను కాల్చి దాన్ని పాతివ్రత్యమన్నారు. 1829లో చట్టం వచ్చేదాకా ప్రభుత్వం కూడా దాన్ని పూర్తిగా ఆపలేదు. తెలుగు నేలపై దళిత బాలికలను జోగినులుగా మార్చి దాన్ని దేవుని సేవ అన్నారు. దానిని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది 1988లో. ఐరోపాలో క్రైస్తవులమని చెప్పుకున్నవారే వేలాది స్త్రీలను మంత్రగత్తెలని ముద్ర వేసి చంపారు. అదే ముద్రతో మన ఒడిశా పల్లెల్లో స్త్రీలను కొట్టి చంపుతుంటే 2013లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. ప్రతిచోటా హింసకు ఒక మంచి పేరు పెట్టారు. ఆ పేరు చెప్పి ఆమె నోరు మూయించారు.

బైబిలు ఈ సంగతిని దాచలేదు. 2 సమూయేలు 13వ అధ్యాయంలో తామారు కథ చదవండి. అమ్నోను ఆమెను బలాత్కరించక ముందే ఆమె వద్దని స్పష్టంగా చెప్పింది, బ్రతిమాలింది. తరువాత తలమీద బూడిద పోసుకొని, కేకలు వేస్తూ బయటికి వెళ్లింది. అంటే ఆమె దాచుకోలేదు. కానీ సొంత అన్న అబ్షాలోము ఆమెను ఊరకుండమన్నాడు. తండ్రి దావీదు కోపం తెచ్చుకున్నాడు గాని కొడుకును ఏమీ అనలేదు. అమ్నోను చేసింది ఒక హింస. అన్న చెప్పిన సలహా, తండ్రి పాటించిన మౌనం రెండవ హింస. ఆ ఇంట్లో న్యాయం జరగకపోవడం వల్ల తరువాత ఎంత రక్తం చిందిందో మనకు తెలుసు.

ఈ రెండవ హింసే 2025 జూలైలో మన రాష్ట్రంలో ఒక ప్రాణం తీసింది. బాలేశ్వర్‌లోని ఫకీర్ మోహన్ కళాశాల విద్యార్థిని ఒకరు తన విభాగాధిపతి లైంగికంగా వేధిస్తున్నాడని ఫిర్యాదు చేసింది. న్యాయం దొరకదని నిరాశపడి జూలై 12న కళాశాల ఆవరణలోనే నిప్పంటించుకుంది. రెండు రోజులకు భువనేశ్వర్ ఎయిమ్స్‌లో చనిపోయింది. ఆమె నోరు విప్పింది. వినవలసిన చెవులే మూసుకున్నాయి.

ఇప్పుడు మన సంఘాల సంగతి చూద్దాం. 2008 ఆగస్టులో కంధమాల్‌లో ఒక కన్యస్త్రీపై అత్యాచారం జరిగినప్పుడు క్రైస్తవులమంతా గొంతెత్తాం. ఆమె కూడా రెండు నెలల తరువాత ఢిల్లీలో పత్రికల వారి ముందుకు వచ్చి తనకు జరిగింది చెప్పింది. ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నాం. అది సరైనదే. అయితే అదే మాట మన సంఘంలో ఒక సహోదరి వచ్చి ఒక పెద్ద గురించో, పాటల బృందంలోని ఒక యువకుని గురించో, సంఘానికి కానుకలిచ్చే తన భర్త గురించో చెబితే? అప్పుడు మనం "సంఘం పేరు పోతుందమ్మా" అంటాం. "పిల్లల ముఖం చూసి సర్దుకో తల్లీ, ప్రార్థన చెయ్యి, ఆయన మారతాడు" అంటాం. బయటివాడు చేస్తే నేరం, మనవాడు చేస్తే శోధన!

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఒడిశాలో, ఆంధ్రప్రదేశ్‌లో 18 నుండి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించినవారే. తెలంగాణలో సుమారు 37 శాతం. దేశం మొత్తం మీద హింస ఎదుర్కొన్న స్త్రీలలో ఎవరినైనా సహాయం అడిగినవారు 14 శాతమే. ఆదివారం చాప మీద కూర్చున్న పదిమంది భార్యలను చూడండి. వారిలో ముగ్గురు మౌనంగా మోస్తున్నది ఏమిటో ఆలోచించండి.

దేవుడు విడాకులను అసహ్యించుకుంటాడని చెప్పడానికి మలాకీ 2:16 ఎత్తుతాం. అదే వచనంలో బలాత్కారం కూడా ఆయనకు అసహ్యమని ఉంది. ఆ సగం ఎందుకు చదవం? భార్యలు లోబడాలని ఎఫెసీ 5:22 చెబుతాం. ఒకరికొకరు లోబడాలన్న 21వ వచనాన్ని, సంఘం కోసం ప్రాణమిచ్చిన క్రీస్తులా భర్త ప్రేమించాలన్న 25వ వచనాన్ని దాటిపోతాం. వ్యభిచారంలో పట్టుబడిందని స్త్రీని ఒక్కదాన్నే ఈడ్చుకొచ్చినప్పుడు యేసు ప్రభువు రాళ్లు పట్టుకున్నవారి వైపు నిలబడలేదు. నడుము వంగిపోయిన స్త్రీని సమాజమందిరం మధ్యలోకి పిలిచి, అబ్రాహాము కుమార్తె అని గౌరవించాడు.

"ఇది మన ఆచారం, ఎవరు మార్చగలరు?" అనేవారికి మన గంజాం జిల్లాయే జవాబు. బాల్యవివాహాలు ఇక్కడ తరతరాల అలవాటు. అధికారులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయులు, గ్రామపెద్దలు కలిసి పట్టుబట్టారు. పెళ్లికి ముందే వయసు ధృవీకరణ అడిగారు, సమాచారమిచ్చినవారికి బహుమానం ప్రకటించారు. 2022 జనవరిలో గంజాంను బాల్యవివాహ రహిత జిల్లాగా ప్రకటించారు. ఒక్క కేసు కూడా మిగలలేదని నేను అనను. ఊరు పెద్దలు ఊరకుండడం మానితే ఆచారం వెనక్కి తగ్గుతుందని మాత్రం రుజువైంది.

కాబట్టి సంఘాలు ఈ పనులు చేయాలి. దెబ్బలు తిన్న స్త్రీ వస్తే మొదట ఆమె మాట నమ్మండి, భద్రమైన చోటు చూపండి. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడానికి తొందరపడకండి. క్షమాపణ బోధ పేరుతో పోలీసు ఫిర్యాదును ఆపకండి. 2005 గృహహింస చట్టం ప్రకారం భర్త ఇంట్లో నివసించే హక్కు ఆమెకుందని చెప్పండి. 181, 112 నంబర్లను, పిల్లల కోసం 1098ను చర్చి నోటీసు బోర్డు మీద రాయండి. పదిమంది, అంతకు మించి పనిచేసే మన బడులు, ఆసుపత్రులు, కార్యాలయాల్లో 2013 చట్టం కోరిన అంతర్గత కమిటీ ఉందో లేదో అడగండి. సంఘ కమిటీలో స్త్రీలకు ఓటుతో పాటు మాట కూడా ఉండనివ్వండి.

తమ్ముళ్లారా, మీకొక మాట. గోపాల్‌పూర్‌లో పట్టుబడిన బాలురు మీ వయసువారే. స్నేహితుల గుంపులో ఒకడు ఆడపిల్లను గురించి చెడుగా మాట్లాడినప్పుడు నవ్వకుండా, "తప్పురా" అనడం కూడా సాక్ష్యమే. చెల్లెళ్లారా, మీకు జరిగిన అన్యాయం మీ అవమానం కాదు. ఊరకుండమని అబ్షాలోము చెప్పాడు, ప్రభువు చెప్పలేదు.