సగం కూలి ఎవరు పెట్టిన లెక్క?

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన నడిగడ్డలో సీడు పత్తి చేను చూడని హాస్టల్ విద్యార్థి ఉండడు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుండి వచ్చిన మిత్రులకు గుంపు మేస్త్రీ వెంట వలసపోయే బతుకు తెలుసు. రెండు చోట్లా ఒకటే లెక్క నడుస్తుంది. పెద్దోళ్లకు నిండు కూలి, చిన్నోళ్లకు సగమో ముప్పావో. దసరా సెలవుల్లో, ఎండాకాలం సెలవుల్లో పనికి పోయే మాలాంటి వాళ్లకు ఈ లెక్క బాగా ఎరుక. ఇది న్యాయమేనా అని మన వార్షికోత్సవ సంచికలో కాకపోతే ఇంకెక్కడ అడుగుతాం?

ముందు పని సంగతి చూద్దాం. హైబ్రిడ్ పత్తి విత్తనం దానంతటదే రాదు. సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గను గిల్లి, రేకులు, కేసరాలు తీసేయాలి. లోపలి కీలం దెబ్బతినకూడదు. మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడిని కీలం కొనకు రుద్దాలి. ఒక్కో పువ్వుకూ చేతితోనే ఈ పని జరగాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. మందు కొట్టిన చేలో వారాల తరబడి వంగి, లేచి చేసే పని ఇది. పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, దీనికి ఎందుకు పిలుస్తారంటే "వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి, చకచకా చేస్తారు" అంటారు. కూలి ఇచ్చేటప్పుడు మాత్రం "చిన్నపిల్లలే కదా" అంటారు. పనికి పిలిచేటప్పుడు మెచ్చుకున్న ఆ వేళ్లే పైసలిచ్చేటప్పుడు తక్కువైపోతాయా?

ఈ తేడాకు చట్టంలో కూడా చోటు ఉండేదని మనలో చాలామందికి తెలియదు. డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్న కాలంలో, 1946లో కనీస వేతనాల బిల్లు శాసనసభ ముందుకు వచ్చింది. 1948లో చట్టమైంది. కూలీకి ఒక కనీస రేటు ఉండాలని చెప్పిన గొప్ప చట్టం అది. అయితే పెద్దలకు, కౌమార వయసు వారికి, పిల్లలకు, అప్రెంటిస్‌లకు వేర్వేరు రేట్లు పెట్టవచ్చని అందులోనే రాసి ఉంది. ఆడ, మగ తేడాతో కూలి తగ్గించకూడదని 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. వయసు తేడా మాత్రం అలాగే మిగిలింది. 2019లో చేసి, 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన వేతనాల కోడ్‌లో కనీస రేటుకు నైపుణ్యం, ప్రాంతం, పని కష్టం ఆధారమన్నారు. వయసును ఆధారంగా చెప్పలేదు. అంటే కాగితం మీద మన వాదన గెలిచినట్టే. చేను గట్టు మీద గెలవాల్సి ఉంది.

"చిన్నోళ్లకు ఖర్చులేముంటాయి?" అని కొందరు పెద్దలు అడుగుతారు. దీనికి మన మెస్సులోనే జవాబుంది. 2024 చివర్లో పెంచిన డైట్ చార్జీల ప్రకారం నెలకు 3 నుండి 7వ తరగతి వారికి 1,330, 8 నుండి 10 వరకు 1,540, ఇంటర్ నుండి పీజీ వరకు 2,100 రూపాయలు. ఇక్కడ వయసును బట్టి తేడా ఉంటే మేము తప్పు పట్టం. అన్నం ఆకలిని బట్టి పెడతారు. కూలి అట్ల కాదు, చేసిన పనిని బట్టి ఇవ్వాలి. తక్కువ తింటాడని ఏ ముసలాయనకూ కూలి తగ్గించమని మనం అడగం కదా!

"నేర్చుకునే వయసు కదా" అనేది ఇంకో మాట. నిజంగా నేర్పేవారికి 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. ఒప్పందం రాసుకొని, శిక్షణ ఇచ్చి, స్టైపెండ్ ఇవ్వాలి. మొగ్గ గిల్లడం రెండు రోజుల్లో వస్తుంది. మూడో రోజు నుండి అది నేర్చుకోవడం కాదు, కూలి పనే.

బ్రిటన్‌లో 1999 ఏప్రిల్‌లో కనీస వేతనం మొదలైనప్పుడు 22 ఏళ్లు నిండినవారికి గంటకు 3.60 పౌండ్లు, 18 నుండి 21 వారికి 3 పౌండ్లు పెట్టారు. అనుభవం లేని యువకులకు పని దొరకదేమోనని అక్కడి వాదన. తర్వాత 2016లో నిండు రేటుకు 25 ఏళ్లు ఉండాలన్నారు. 2021లో 23కు, 2024లో 21కి దించారు. ఆ గీత మనుషులు గీసిందే, మనుషులే జరుపుతున్నారు. మన దగ్గర ఆ వాదన అసలే చెల్లదు. ఇక్కడ చిన్నోళ్లకు పని దొరక్క కాదు, చవకగా దొరుకుతారనే బడి నుండి పిలుస్తున్నారు. తండ్రి నిండు కూలి కోసం ముంబైకో హైదరాబాదుకో పోతే, బిడ్డ సగం కూలికి చేలో ఉంటుంది. కూలి ఒకటే అయితే ఆ పని తల్లికో తండ్రికో దక్కుతుంది, బిడ్డ బడిలో ఉంటుంది. సమాన కూలి అడగడం పిల్లల్ని పనికి పంపమని కాదు, వాళ్లను పిలిచే కారణాన్నే తీసేయమని.

ఇందులో చిన్న రైతును మాత్రమే దోషిగా నిలబెట్టడం మాకు ఇష్టం లేదు. అడ్వాన్సు ఆర్గనైజరుది, విత్తనం ధర కంపెనీది. ఆ ధరలో పెద్దల నిండు కూలి లెక్కగట్టకపోతే రైతు తన పిల్లల్నే చేలో దింపుతాడు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టుకోవద్దంటూనే, బడి వేళల తర్వాత, సెలవుల్లో ఇంటి పనికి, కుటుంబ వ్యవసాయానికి సాయపడవచ్చని సందు వదిలింది. ఆ సందులో సగం కూలి కాస్తా సున్నా కూలి అవుతున్నది.

కాబట్టి మా మాట ఇది. 14 ఏళ్లలోపు వారికి కూలి రేటే వద్దు, బడి కావాలి. 14 నుండి 18 మధ్యవారు ప్రమాదం లేని పని చేస్తే పెద్దల రేటే ఇవ్వాలి. విత్తనం ధర కట్టేటప్పుడు ఆ రేటునే లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద కనీస కూలి రేటు తెలుగులో రాయించాలి. క్రాసింగ్ కాలంలో, సెలవుల్లో ఇంటికి పోలేని వారికి హాస్టల్ తెరిచి ఉంచాలి.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఏడాదికోసారి వచ్చి మాకు పెన్నులు, నోటు పుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి మా ఊళ్లకు కూడా రండి. కూలి రేటు అడిగేటప్పుడు మా తల్లిదండ్రుల పక్కన నిలబడండి. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లోనే ఏషియాడ్ కార్మికుల కేసులో చెప్పింది. అటువంటి చాకిరీకి మన తాతలు పెట్టిన పేరు వెట్టి. పెద్దల మీద పోయిందనుకున్న వెట్టి పిల్లల మీద మిగలకూడదు.