ఆట మనది, తెర యెవరిది?

బసంత్‌నగరమున భారతజట్టు క్రికెట్ ఆడు రాత్రి వీథిలో నిలుచుండి చెవియొగ్గి వినువానికి ఒక వింత తెలియవచ్చును. బంతి యొక్కటే, కేక మాత్రము రెండుమారులు వినబడును. మిద్దెపై డిష్షు గల యింట మొదటి కేక పుట్టును. కొంత తడవునకు, ఎదుటి యరుగుపై సెల్‌ఫోను చుట్టు గుమిగూడిన కుర్రవాండ్రు అదే కేక వేయుదురు. పాపము, వారి యుత్కంఠ యప్పటికే సగము చల్లారియుండును. ఏలయన, ఫలితమును పొరుగింటి కేకయే చెప్పివేసినది. ఇక నెల చందా తీరిపోయిన యింట ఏ కేకయు లేదు. అచట తెరపై ఆటకు బదులు "సొమ్ము చెల్లింపుడు" అను తాఖీదు మాత్రమే కానవచ్చును. ఒకే వీథి, ఒకే ఆట, ఒకే జాతీయపతాకము. చూచువారు మాత్రము మూడు తరగతులు. ఈ తరగతులను ఏర్పరచినది ఎవరు? ఏ యధికారముతో నేర్పరచిరి? ఈ ప్రశ్ననే నేడు మేము పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా ఈ వస్తువు ఎట్లు తయారగునో తెలిసికొనుట మంచిది. మనము తెరపై చూచునది ఆట కాదు. ఆటనుండి యొకరు ఏర్చి కూర్చిన చిత్రము. మైదానము చుట్టును పదులకొలది కెమేరాలు నిలుపుదురు. వాని చిత్రములన్నియు మైదానము వెలుపల నిలిపిన ప్రసారవాహనములోనికి తీగెలగుండ చేరును. అచట గోడనిండ అమర్చిన తెరల యెదుట ఒక నిర్దేశకుడు కూర్చుండి, ఏ క్షణమున ఏ కెమేరా చిత్రము లోకమునకు పోవలెనో ఆజ్ఞాపించును. అతని ప్రక్కనే కొందరు గడచిన క్షణమును మరల మెల్లగా చూపుటకు సిద్ధము చేయుచుందురు. మరికొందరు అంకెలను, పటములను తెరపై నెక్కించుచుందురు. అట్లు కూర్చిన చిత్రము ఉపగ్రహమునకెగసి, దిగివచ్చి, డిష్షునకు కొన్ని క్షణములలో చేరును. ఫోనునకు పోవునది ముక్కలుముక్కలుగా కోయబడి, అంతర్జాలపు త్రోవలో మజిలీలు చేయుచు వచ్చును గనుక మరింత యాలస్యమగును. ఇందు గొప్ప నేర్పున్నది, గొప్ప శ్రమయున్నది. మండుటెండలో మంచెలపై నిలుచుండి బంతిని క్షణమైనను విడువక వెంటాడు కెమేరా పనివాని పేరు ఎవ్వరికిని తెలియదు. రామగుండపు వేసవి నెరిగిన మనము ఆ కష్టమును తక్కువగా నెంచజాలము.

కాని ఎన్నుకొను చేతికి మరుగుపరచు శక్తియు నుండును. ఖాళీగానున్న కుర్చీలు చూపవలెనా, సినిమా తార చిరునవ్వు చూపవలెనా? నిర్వాహకుల లోపమును చెప్పవలెనా, విడువవలెనా? భారత క్రికెట్ బోర్డు స్వదేశమున జరుగు తన యాటలను తన సొంత యేర్పాటుతోనే చిత్రింపించుచున్నది. ఆటను నడపువాడును, ఆటను చూపువాడును ఒక్కడే. మా న్యాయస్థానములలో ప్రతివాదియే సాక్షులనెల్ల కుదుర్చుకొని, వాంగ్మూలమును కూడ తానే వ్రాసికొన్నచో న్యాయాధిపతి ఒప్పుకొనునా? క్రీడారంగమున మాత్రము ఇది సామాన్యమై, ఎవ్వరికిని ఆశ్చర్యము కూడ కలిగింపకున్నది.

ఈ తెరకు త్రోవ వేసినదెవరు? 1959లో ఢిల్లీయందు మన దేశపు టెలివిజను పుట్టినది ప్రజాధనముతో. 1975-76 సంవత్సరములలో ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు చిత్రములు చేర్చి చూచిన ప్రయోగమునందు నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. 1982 ఏషియను క్రీడలతో తెరకు రంగులు వచ్చినవి. ఆ కాలమున బోర్డే దూరదర్శనమునకు సొమ్ము చెల్లించి తన యాట చూపించుకొనుచుండెను. 1993 నాటికి కథ తలక్రిందులయ్యెను. బోర్డు హక్కులను విదేశీయ సంస్థకు విక్రయించినది. ఆ యేడే బెంగాలు క్రికెట్ సంఘము నడపిన హీరో కప్పు పోటీల ప్రసారమునుగూర్చి వివాదము చెలరేగి, సర్వోన్నత న్యాయస్థానమునకెక్కెను. 1995 ఫిబ్రవరిలో వెలువడిన ఆ తీర్పును క్రీడాభిమాని యైన ప్రతివాడును ఎరిగియుండదగును. ఆకాశతరంగములు ప్రజల యాస్తియనియు, ప్రజాహితార్థమై ప్రజాసంస్థయే వానిని నియంత్రింపవలెననియు న్యాయస్థానము నిర్ణయించెను. ఆ పీఠమున తెలుగువారగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డిగారు ఉండిరనుట మనకు గర్వకారణము. ప్రభుత్వపు గుత్తాధికారమును ఆ తీర్పు సమ్మతింపలేదు. దాని చోట వర్తకుని గుత్తాధికారమును ప్రతిష్ఠింపుమనియు చెప్పలేదు.

వరము దొరకినది, కాని దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత యుండనేయున్నది. 2007లో వెస్టిండీసు జట్టు మన దేశమునకు వచ్చినప్పుడు హక్కులు కొన్న సంస్థకును దూరదర్శనమునకును తగవు పుట్టగా, పార్లమెంటు ఆ యేడే ఒక చట్టము చేసెను. జాతీయ ప్రాముఖ్యము గల క్రీడలని ప్రభుత్వము ప్రకటించినవానిని చూపు ప్రతి సంస్థయు తన ప్రకటనలు తీసివేసిన ప్రత్యక్షచిత్రమును ప్రసార భారతికి ఈయవలెను. వచ్చిన ప్రకటనల రాబడిలో నూటికి 75 వంతులు హక్కుదారునకు, 25 వంతులు ప్రసార భారతికి. ఇది న్యాయమైన చట్టము. పెట్టుబడిదారుని దోచుకొనలేదు, బీదవానిని వెలివేయలేదు. కాని 2017 ఆగస్టున సర్వోన్నత న్యాయస్థానము ఈ చిత్రము ప్రసార భారతి సొంత భూతలప్రసారమునకును, సొంత డిష్షునకును మాత్రమే పరిమితమనియు, కేబులువారిద్వారా పోరాదనియు తీర్పు చెప్పెను. చట్టమందలి యక్షరము అట్లున్నది గనుక తీర్పును మేము తప్పుపట్టము. 2022 నాటికి భూతల ప్రసారకేంద్రములు చాలవరకు మూయబడినవి. ఇక మిగిలినది దూరదర్శనము వారి ఉచిత డిష్షొక్కటే. ఇంతలో జనము డిష్షునుండి ఫోనునకు తరలిపోయినది. 2007 చట్టమున టెలివిజను పేరున్నది, రేడియో పేరున్నది. అంతర్జాలము పేరు లేదు. ఊరు క్రొత్తచోటికి తరలిపోగా, పాతచోట త్రవ్విన మంచినీటి బావివలె ఆ చట్టము నిలిచియున్నది.

గనిలో షిఫ్టు చేయుచు ఆ వేళయంతయు భూగర్భమునగాని, ఓపెన్‌కాస్టు ధూళిలోగాని గడపు గోదావరిఖని కార్మికునకు ఇంటి గోడపైనున్న పెద్ద తెర అక్కరకు రాదు. షిఫ్టు బస్సులో చేతనున్న ఫోనే అతని టెలివిజను. ఆ ఫోనునందే అతని హక్కు అంతరించినది.

మరి విక్రయమెట్లు సాగుచున్నదో చూడుడు. 2022లో ఐ.పి.ఎల్. పోటీల అయిదేండ్ల హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. 410 ఆటలకు లెక్కగట్టిన ఒక్కొక్క ఆట 118 కోట్లు, ఒక్కొక్క బంతి సుమారు 49 లక్షలు. అది వర్తకుల పోటీ. వారి సరకు వారమ్ముకొనుడు, మాకు తగవు లేదు. కాని 2023లో భారతజట్టు స్వదేశమున ఆడు 88 ఆటల హక్కులును 5,963 కోట్లకు అమ్మబడినవి. ఈ జట్టు భారతదేశము పేరు పెట్టుకొన్నది. గెలిచిన జాతి గెలిచినదందురు, ఓడిన జాతి తలవంచుకొనునందురు. బోర్డు రాజ్యాంగార్థమున రాజ్యము కాకున్నను, అది నిర్వహించునది ప్రజాకార్యమని 2005లో సర్వోన్నత న్యాయస్థానమే యంగీకరించినది. జాతి పేరును బోర్డు ఇంతకు విక్రయించుట అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నది.

ఫోనుపై కొంతకాలము ఉచితముగా చూపినారు గదా యని కొందరందురు. నిజమే. 2023లో ఐ.పి.ఎల్. ఆటలను ఫోనుపై ఉచితముగా, తెలుగు వ్యాఖ్యానముతో సహా చూపిరి. జనము అలవాటుపడెను. 2022 వేలములో ఒకరిపై నొకరు పాడుకొన్న రెండు గొప్ప సంస్థలు 2024 నవంబరులో ఒక్కటైపోయెను. 2025లో కొద్ది నిమిషముల రుచి చూపి, పిమ్మట చందా యడుగుట మొదలయ్యెను. వర్తకుడు పెట్టినది విందు కాదు, ఎర. దయగా వచ్చినది దయతోనే పోవును. హక్కుగా వచ్చినది మాత్రమే నిలుచును.

మాకు ప్రత్యుత్తరముగా మూడు మాటలు చెప్పుదురు. కోట్లు వెచ్చించినవాడు లాభము కోరరాదా యనునది మొదటిది. కోరవచ్చును, 2007 చట్టము అతనికి మూడు వంతుల రాబడి విడిచినది గదా! ఇష్టము లేనివాడు చూడకుండునుగాక యనునది రెండవది. పోలీసు బందోబస్తు ప్రజలది, జట్టు ధరించు పేరు ప్రజలది. ఇవియన్నియు గైకొని, పిదప వాకిట నిలుచున్నవానితో ఇష్టము లేకున్న పొమ్మనుట మర్యాదయగునా?

మూడవ మాట గట్టిది. దానిని తేలికగా త్రోసివేయము. ప్రైవేటు టెలివిజనే ఆటలను బ్రతికించినదందురు. ఇందుకు కబడ్డీ నిదర్శనము. 1990 బీజింగు ఏషియను క్రీడలలో కబడ్డీ చేరి, మనకు స్వర్ణము వచ్చినను, ఆ యాటను పల్లె చెడుగుడుగానే చూచిరి. 2014 జులైలో ప్రో కబడ్డీ లీగు ఆరంభమై, చాపపై దీపములు పరచి, ముప్పది క్షణముల కూతకు గడియారము తెరపై నుంచి, కెమేరాను ఆటగాని కాలివ్రేళ్ళవరకు దించినప్పుడు మన పిల్లలు తెలుగు టైటాన్సు పేరు జపించిరి. దూరదర్శనము దశాబ్దములుగా చేయజాలని పనిని వర్తకుడు ఒక్క యేటిలో చేసెను. ఇది మనకు సిగ్గుచేటు, మేము దాచము. కాని దీనినుండి తేలు నీతి యేమి? కెమేరా శ్రద్ధగా చూచిన ఏ యాటయైనను మొలకెత్తుననియే. అట్టి శక్తిని లాభమెక్కడనుండునో అక్కడికే త్రిప్పుట మంచిదా?

చూడుడు: 2005లో మిథాలీ రాజ్ నాయకత్వమున మన స్త్రీల జట్టు ప్రపంచకప్పు తుదిపోరు చేరెను. ఆ యాటను కన్నులార చూచినవారు ఈ పఠనమందిరమున నెందరు? 2025 నవంబరు 2వ తేదీన స్త్రీల జట్టు ప్రపంచకప్పు గెలిచినప్పుడు, కడపజిల్లా పిల్ల శ్రీచరణి ఆ జట్టులో నుండగా, తెలుగు ఇండ్లన్నియు మేల్కొనియుండెను. స్త్రీల యాటలో లోపము నాడును లేదు. కెమేరాయే ఆలస్యముగా వచ్చినది. ఓరుగల్లు ప్రాంతపు కల్లెడ గ్రామమునుండి వచ్చిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగున కాంస్యము గెలిచిన పిమ్మట పత్రికలన్నియు ఆమె యిల్లు వెదకికొని పోయినవి. కల్లెడకును పారిసుకును నడుమ ఆమె పరుగెత్తిన పరుగులను చూచినవారెందరు?

మరియొక మాట. ఓవరునకు ఓవరునకు నడుమ మన పిల్లల కన్నులలో నూరిపోయబడునదేమి? పణమొడ్డి యాడు అంతర్జాలపు ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించినది. అయినను అట్టి వ్యాపారముల ప్రకటనలు ఏండ్లతరబడి క్రికెట్ ఆటల నడుమ మన యిండ్లలోనికి వచ్చుచునే యుండెను. 2025 ఆగస్టున పార్లమెంటు చట్టము చేయువరకు వానికి గట్టి యడ్డు లేకపోయెను. యాలకుల పేరు చెప్పి గుట్కా గురుతును జ్ఞప్తికి తెచ్చు ప్రకటనలు మరియొక బాపతు. కార్మికవాటికలలో జీతము వచ్చిన దినమున ఏ యింట ఏమగునో ఎరిగినవారికి వీని చెరుపు వేరుగ చెప్పనక్కరలేదు.

కాబట్టి మేము కోరునవి నాలుగు. మొదటిది: 2007 చట్టమును సవరించి, జాతీయ ప్రాముఖ్యము గల ఆటల చిత్రము ప్రసార భారతిద్వారా ఫోనునందును ఉచితముగా దొరకునట్లు చేయవలెను. రెండవది: ఆ చట్టపు పట్టికయందు స్త్రీల ఆటలకును, వికలాంగుల క్రీడలకును పురుషుల యాటలతో సమస్థానముండవలెను. మూడవది: జాతి పేరిట ఆడు ఆటను చిత్రించువారు ఆటను నడపు సంస్థకు జవాబుదారులు గాక, స్వతంత్రులై యుండవలెను. నాలుగవది మన చేతిలోనిదే. సింగరేణి కార్మికుల క్రీడాపోటీలు ఏటేట జరుగుచున్నవి. బడిపిల్లల జిల్లాపోటీలు జరుగుచున్నవి. హైదరాబాదునుండి దూరదర్శనము వారి యాదగిరి చానలు నడచుచున్నది. ఒక కబడ్డీ యాటను చూపుటకు ముప్పది కెమేరాలు అక్కరలేదు, మూడు చాలును. సింగరేణి సంస్థయు, ప్రభుత్వ క్రీడాశాఖయు, యాదగిరి చానలును చేయి కలిపినచో మన పిల్ల పరుగును మన పల్లె చూడగలదు.

పాఠకులారా, ఇది వినోదపు ప్రశ్నయని తేలికగా నెంచకుడు. జాతి యంతయు ఒకే క్షణమున ఒకే దృశ్యమును చూచి ఒకే ఊపిరి పీల్చు సందర్భములు మనకెన్ని గలవు? కులమును, మతమును, కూలిని, జీతమును మరచి మనము ప్రక్కప్రక్కన కూర్చుండు స్థలము ఇంతకన్న మరియొకటి చూపుడు. ఆ స్థలమునకు కంచె వేసి వాకిట రుసుము వసూలు చేయుచుండగా ఊరకుండుట తగదు. మీ గ్రంథాలయములందు, సంఘములందు తీర్మానములు చేయుడు. మీ పార్లమెంటు సభ్యునకు వ్రాయుడు. వోటడుగ వచ్చినవానిని ఈ ప్రశ్న యడుగుడు. బసంత్‌నగరపు వీథిలో ఆ కేక ధనికుని మిద్దెపైనను, బీదవాని యరుగుపైనను వినబడు దినము రావలెను. ఆ దినమునగాని యీ యాట నిజముగ మనదని చెప్పుకొనుటకు మనకు హక్కు కలుగదు.