తెచ్చేది ఒకరు, సాకేది ఒకరు

ఈమధ్య మా ఇంట్లో పిల్లలతోపాటు నేనూ ఇష్టంగా చూస్తున్న వీడియోలు కొన్ని ఉన్నాయి. విదేశాల్లో ఎవరో అక్వేరియం షాపుకు వెళ్తారు. అక్కడ ఓ మూల రంగు వెలిసిపోయి, తెల్లగా పాలిపోయిన పగడం ముక్క ఉంటుంది. దాన్ని చవగ్గా కొని ఇంటికి తెచ్చి నెలల తరబడి సాకుతారు. మెల్లగా దానికి రంగు తిరిగొస్తుంది. దక్కదనుకున్నది కోలుకోవడం చూస్తే మనకెందుకంత ఆనందమో వేరే చెప్పాలా? మనం ఇంట్లో చేసే పనిలో సగం అదే.

"మా, మనమూ ఒకటి తెచ్చుకుందాం మా. మన కడపలో ఎట్లా సముద్రం లేదు కదా" అని మా పెద్దోడు ఒకటే పోరు. వాడికి నేను వద్దనే చెప్పాను. ఎందుకు వద్దన్నానో మీతోనూ చెప్పాలనిపించింది. మీ ఇళ్ళలోనూ ఇలాంటి పోరు ఉండే ఉంటుంది.

పగడం అంటే మనకు తెలిసింది ఎర్ర పూస. నల్లపూసల్లో ముత్యం పక్కన గుచ్చుకుంటాం, కుజదోషం అంటే ఉంగరంలో పెట్టించుకుంటాం. అది రాయి కాదు, సముద్రంలో బతికిన ఒక జీవి కట్టుకున్న గూడు. మధ్యధరా సముద్రంలో దొరికే ఆ ఎర్ర పగడం ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లావెక్కదు. వీడియోల్లో తొట్టెల్లో కనిపించేవి దాని దాయాదులు.

వాటి కథ వింటే మన సంసారాలే గుర్తొస్తాయి. పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. అది ఎండతో వంట చేసి, అందులో ఎక్కువ భాగం పగడానికే పెడుతుంది. పగడం దానికి నీడ ఇస్తుంది. పగడానికి ఉండే రంగు చాలావరకు ఆ నాచుదే. నీళ్ళు మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ పెరిగి, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, ఆ పొత్తు చెడిపోతుంది. నాచు బయటికి పోతుంది. పారదర్శకంగా మిగిలిన ఒంటిలోంచి లోపలి తెల్లటి సున్నపు గూడు కనిపిస్తుంది. అప్పటికి పగడం చచ్చిపోయినట్టు కాదు, ఆకలితో ఉన్నట్టు. త్వరగా పరిస్థితి కుదుటపడితే నాచు తిరిగొస్తుంది. లేకపోతే ఆకలితోనే పోతుంది.

దాన్ని సాకే పద్ధతి కూడా మనకు కొత్తదేమీ కాదు. జ్వరం తగ్గిన పిల్లకు ముందు గంజి, తర్వాత జావ, ఆ తర్వాతే చారన్నం పెడతాం కదా, ఇదీ అంతే. మొదట తక్కువ వెలుతురు పెట్టి, వారాల మీద పెంచాలి. లీటరు నీటికి 35 గ్రాముల లెక్కన ఉప్పు తేడా రాకుండా ఉండాలి. వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. తిండి కొంచెం కొంచెంగా వేయాలి. పొద్దుకోసారి ఏదో ఒకటి మార్చకూడదు. ఒక మార్పు చేశాక దాని ఫలితం చూసి గానీ ఇంకోటి చేయకూడదు.

మరి ఇంత తెలిసీ ఎందుకు వద్దన్నాను?

మొదటిది చట్టం. మన దేశంలో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. సముద్రం నుంచి తీయడమే కాదు, కొనడం, అమ్మడం కూడా నేరమే. మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ దాకా జైలు ఉంది. చట్టాన్ని పక్కన పెట్టినా, జాలిపడి కొన్నదానికీ ముచ్చటపడి కొన్నదానికీ దుకాణంవాడి దగ్గర తేడా ఉండదు. ఒకటి అమ్ముడైతే ఇంకొకటి తెప్పిస్తాడు.

రెండోది మన నీళ్ళు, మన ఎండలు. కర్నూలు, కడప వేసవిలో బయట 43, 44 డిగ్రీలు ఉంటే తొట్టెను 26 దగ్గర నిలపడానికి రాత్రింబవళ్ళు చల్లబరిచే మిషను ఆడుతూ ఉండాలి. కరెంటు పోయి నీళ్ళు ఆడటం ఆగిపోతే కొన్ని గంటల్లోనే లోపలి ప్రాణాలకు ఊపిరాడదు. బోరు నీళ్ళు పనికిరావు, శుద్ధి చేసిన నీళ్ళలోనే ఉప్పు కలపాలి. ఒక లీటరు శుద్ధి నీటికి ఇంట్లోని ఆర్వో మిషను రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని బిందెలు సర్దుకుని ఎదురుచూసే వీధుల్లో ఆ లెక్క నాకు మింగుడుపడదు.

మూడోది మనం గమనించనిది. కొన్ని ఇళ్ళలో గుమ్మం పైన, పూజగదిలో ఫ్రేము కట్టి 'ఇంద్రజాల్' అని పెడుతున్నారు. విసనకర్రలా అల్లుకున్న వేరులా ఉంటుంది. దిష్టి పోతుందని, వాస్తు దోషం పోతుందని అమ్ముతారు. అది వేరు కాదు, చెట్టూ కాదు. సముద్రం అడుగున పెరిగే పగడం జాతి జీవిని పీకి ఎండబెట్టింది. అదీ ఆ మొదటి షెడ్యూల్లోనే ఉంది. ఇంటికి మంచి జరగాలని ఒక ప్రాణం తీసి గుమ్మానికి కట్టుకోవడం ఏం న్యాయం?

పగడాలను సాకే పని మన దేశంలో జరగడం లేదా అంటే, జరుగుతోంది. అది సముద్రంలో జరుగుతోంది. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడపు దిబ్బలను తవ్వేసేవారు. తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ మెరైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2002 నుంచి అక్కడ పగడపు ముక్కలను సిమెంటు చట్రాలకు కట్టి, నీటి అడుగున నాటి పెంచుతున్నారు. మనం చేయగలిగింది చిన్నదే. రామేశ్వరం వెళ్ళినప్పుడు పగడపు కొమ్మలు ఎవరైనా అమ్మజూపితే కొనకుండా వచ్చేయడం.

ఇంత చెప్పి పిల్లాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం నాకిష్టం లేదు. సాకాలన్న బుద్ధి మంచిదే. దానికి సముద్రం దాకా పోనక్కర్లేదు. పుట్టినరోజుకు ఎవరో ఇచ్చిన చేపల తొట్టె చాలా ఇళ్ళలో ఉంటుంది. మొదటి నెల అందరూ దాని చుట్టూ చేరతారు, నాలుగో నెలకు అది టీవీ పక్కన పచ్చబడిపోయి ఉంటుంది. మా ఇంట్లోనూ ఒకటుంది. ముందు దాన్ని బతికించు అన్నాను.

దానికీ పగడం పథ్యమే. నీళ్ళన్నీ ఒకేసారి పారబోసి తళతళలాడేట్టు కడగకూడదు. వారానికి నాలుగో వంతు మారిస్తే చాలు. కుళాయి నీళ్ళయితే ముందు క్లోరిన్ పోగొట్టాలి. ఫిల్టరు స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి, ఎందుకంటే చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. అద్దం మీద తెల్లటి చారలు కడుతున్నాయంటే అది మన నేలలోని సున్నం. మన వంటింటి కడప బండ, బెలూం గుహలు, అన్నీ ఆ సున్నపురాయే. పగడాలు పుట్టకముందే ఇక్కడున్న సముద్రం వదిలిపోయిన రాయి అది. ఆ గట్టి నీళ్ళలో గప్పీలు, మాలీలు హాయిగా బతుకుతాయి. మనకు దక్కిన సముద్రం అదే అనుకుందాం.

అన్నిటికంటే ముఖ్యం, తిండి తగ్గించడం. మా అత్తమ్మకు ఇది నచ్చదు. "పాపం, ఆకలైతాంటాది కదమ్మీ" అని పోయినప్పుడల్లా చిటికెడు వేస్తుంది. ప్రేమే, కానీ మిగిలిన తిండి కుళ్ళి చేపలను చంపుతుంది. అందుకే మేత డబ్బా ఇప్పుడు వాడి అలమరలో ఉంది, రోజుకొకసారి వాడే వేస్తాడు. ఆదివారం బకెట్ వాళ్ళ నాన్న మోస్తాడు. నేను చూస్తాను, అంతే.

నా అభిప్రాయమంతా ఈ చివరి మాటలోనే ఉంది. ఇంట్లోకి కుక్కపిల్ల, కుందేలు, చిలుక, చేప, ఏది వచ్చినా "అమ్మ చూసుకుంటుందిలే" అన్న భరోసా మీదే వస్తుంది. తెచ్చినవాళ్ళకు సరదా, మనకు చాకిరి. మనకు తీరికలేక అది నీరసిస్తే మాట పడేదీ మనమే. వాడిపోయిన ప్రాణాన్ని నిలబెట్టేది ఖరీదైన మందూ కాదు, మిషనూ కాదు. రోజూ అదే వేళకు అదే పనిని విసుక్కోకుండా చేసే చెయ్యి. ఆ చెయ్యి ఎప్పుడూ ఒక్కరిదే కావాలని రాసిపెట్టి లేదు. సాకడం నేర్చుకున్న పిల్లాడు రేపు తన ఇంట్లో ఒంట్లో బాగాలేని మనిషికి గంజి కాచి ఇవ్వడం కూడా నేర్చుకుంటాడు.

కాబట్టి ఈసారి ఇంట్లో ఎవరైనా "ఒకటి తెచ్చుకుందాం" అంటే వెంటనే కాదనకండి, అవుననకండి. ఒక్కటే అడగండి. నాలుగో నెలలో బకెట్ ఎవరు మోస్తారు? జవాబుగా ఒక పేరు వస్తే తెచ్చుకోండి. అందరూ మీ వైపు చూస్తే మాత్రం ఆ ప్రాణాన్ని ఉన్నచోటే ఉండనివ్వండి.