సంఘం ఉన్నవారికే మనోభావాలు

హాస్యం ఎక్కడ హద్దు దాటుతుందన్న ప్రశ్నకు తెలుగునాట, తమిళనాట ఒకటే కొలత నడుస్తోంది. ఎవరి మనోభావాలు దెబ్బతిన్నాయి, వారు ఎంతమంది, ఎంత గట్టిగా అరవగలరు అన్నదే ఆ కొలత. గొంతు పెద్దదైతే సీను పోతుంది, పాటలో మాట మారుతుంది, క్షమాపణ వీడియో వస్తుంది. గొంతు లేకపోతే అదే సీను పండగ రోజున టీవీలో మళ్లీ వస్తుంది. ఈ కొలత తప్పు. ఇంతకంటే సరైన కొలతను సుప్రీంకోర్టు 2024 జులై 8న చేతికి అందించింది. పత్రికలు దాన్ని ఒక రోజు వార్తగా వేసి వదిలేశాయి. ఆ తర్వాత కామెడీ మీద టీవీ చర్చల్లో, సెన్సార్ గొడవల్లో, పోలీసు ఫిర్యాదుల్లో ఆ తీర్పు పేరెత్తినవారు అరుదు.

తీర్పుకు దారితీసిన వ్యవహారం చిన్నదే. 2023 నవంబరులో ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ సినిమా విడుదలైంది. అందులో తండ్రికి మతిమరుపు జబ్బు, ఒకరికి చెవులు వినబడవు, ఒకరికి నత్తి, కథానాయికకు రేచీకటి. వారికి పెట్టిన వెక్కిరింపు పేర్ల మీద నిపుణ్ మల్హోత్రా అనే హక్కుల కార్యకర్త కోర్టుకెక్కారు. ఆయనకూ పుట్టుకతో వచ్చిన వైకల్యం ఉంది. ఢిల్లీ హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్, జస్టిస్ జె.బి.పార్దీవాలా ధర్మాసనం కూడా సినిమాను ఆపలేదు, ఒక్క సీనూ కోయమనలేదు. కానీ అక్కడితో సరిపెట్టకుండా రెండు రకాల హాస్యాన్ని విడదీసి చూపింది. వైకల్యం అంటే ఏమిటో చూసేవారికి తెలిసేలా చేసే హాస్యం ఒకటి, వైకల్యం ఉన్న మనిషిని తక్కువ చేసే హాస్యం ఇంకొకటి. రెండూ నవ్విస్తాయి. రెండోది మాత్రం ఆ మనిషి గౌరవాన్ని తగ్గించి, లోకంలో అప్పటికే ఉన్న చిన్నచూపును మరింత గట్టిపరుస్తుంది. అప్పటికే వెనక్కి నెట్టేసిన వారిని అచ్చుపోసిన బొమ్మల్లా చూపి ఎగతాళి చేసే స్వేచ్ఛ సినిమా తీసేవాడికి లేదని కోర్టు చెప్పింది. కించపరిచే మాట వాడాల్సివస్తే సినిమా మొత్తం సందేశం దానికి తగిన కారణం చూపాలి.

ఇక్కడ గమనించాల్సింది, కోర్టు ‘ఎవరు నొచ్చుకున్నారు’ అని అడగలేదు. జోకు ఎవరి మీద పడుతోంది, పడ్డాక వారి బతుకులో ఏం మారుతుంది అని అడిగింది. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. నొప్పి అనేది ఎవరైనా ప్రకటించుకోవచ్చు. బలవంతుడు ఇంకాస్త గట్టిగా ప్రకటించుకుంటాడు.

ఈ కొలతను తెలుగు సినిమాకు పెట్టి చూడటం కష్టమేమీ కాదు, సరుకు దర్శకుడు అనిల్ రావిపూడి దగ్గరే జంటగా దొరుకుతుంది. 2017లో ఆయన తీసిన ‘రాజా ది గ్రేట్’లో రవితేజ పాత్రకు చూపు లేదు. తన అంధత్వం మీద జోకులు తనే వేస్తాడు, ఎదుటివాడి అంచనాలను తలకిందులు చేసేది కూడా తనే. ప్రేక్షకుడు నవ్వేది చూపున్న మూర్ఖులను చూసి. ఐదేళ్ల తర్వాత, 2022 మేలో, అదే దర్శకుడి ‘ఎఫ్3’ వచ్చింది. అందులో వెంకటేశ్ పాత్రకు రేచీకటి, వరుణ్ తేజ్ పాత్రకు నత్తి. పొద్దు కుంకితే కళ్లు కనబడవన్న సంగతి దాచుకుంటూ ఒకరు తడుముకోవడం, మాట గొంతులో ఇరుక్కుని ఇంకొకరు అవస్థపడటం, అంతే హాస్యం. ఆ పాత్రలకు నత్తి తీసేస్తే జోకు లేదు, రేచీకటి తీసేస్తే జోకు లేదు. సరిగ్గా ఇవే రెండు లోపాలు మరుసటి ఏడాది హిందీ సినిమాలో కనబడితే విషయం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ‘ఎఫ్3’ పేరు చెప్పి రోడ్డెక్కిన సంఘం మాత్రం గుర్తుకు రాదు. నత్తి ఉన్నవారికి సంఘం ఎక్కడిది?

తమిళనాడులోని పాలకోడు, హోసూరు లాంటి ఊళ్లలో తెలుగూ తమిళమూ రెండూ చూసే ఇళ్లకు మంచి ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2016లో ఒకేసారి తెలుగులో ‘ఊపిరి’గా, తమిళంలో ‘తోళా’గా వచ్చిన సినిమా. ఫ్రెంచి మూలం ఉన్న ఆ కథలో మెడ కింది భాగం కదలని నాగార్జున పాత్ర, దొంగతనాలు మాని పనికి చేరిన కార్తీ పాత్ర ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. చక్రాల కుర్చీ మీద జోకులు అక్కడా ఉన్నాయి, కొన్ని మొరటువి కూడా. కానీ కుర్చీలో కూర్చున్నవాడు ఆ నవ్వులో భాగస్వామి. 2024 జులై 8 తీర్పు చెప్పిన మొదటి రకం హాస్యం ఎలా ఉంటుందో ఎనిమిదేళ్ల ముందే రెండు భాషల్లో తెర మీద ఉంది.

మనోభావాల కొలత ఎవరికి పనికొచ్చిందో చూద్దాం. 2012లో ‘దేనికైనా రెడీ’ సినిమాలోని పురోహితుల హాస్యం మీద బ్రాహ్మణ సంఘాలు ఆందోళనకు దిగాయి. 2017లో ‘దువ్వాడ జగన్నాథం’ పాటలో మాటల మీద అభ్యంతరం వస్తే చిత్రబృందం మాటలు మార్చింది. 2019లో ‘వాల్మీకి’ సినిమా పేరు మీద బోయ వాల్మీకి సంఘాలు పోరాడితే విడుదలకు ముందు రాత్రి అది ‘గద్దలకొండ గణేష్’ అయింది. ఆ అభ్యంతరాల్లో న్యాయం ఉందా లేదా అన్నది వేరే లెక్క, కొన్నింట్లో ఉంది కూడా. ఇప్పుడు 2015 జనవరికి రండి. శంకర్ ‘ఐ’ సినిమాలో ట్రాన్స్‌జెండర్ పాత్రను చూపిన తీరు మీద చెన్నైలో ఆ సముదాయంవారు నిరసన తెలిపారు. వారికి సమాన హక్కులున్నాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సినిమా రెండు భాషల్లోనూ ఆడింది. ఆడవేషం వేసిన మగవాణ్ని, మగవాడిలా నడవని మగవాణ్ని చూపి నవ్వించే అలవాటు టీవీ కామెడీ షోల్లో ఇంకా సుఖంగానే ఉంది. కుల సంఘానికి కార్యాలయం ఉంటుంది, లెటర్‌హెడ్ ఉంటుంది, ఎన్నికల్లో లెక్కకొచ్చే ఓట్లుంటాయి. అందుకే దానికి మనోభావాలు కూడా ఉంటాయి.

ఈ కొలత కమెడియన్‌కూ న్యాయం చేయదు. స్టాండప్ కమెడియన్ మునవ్వర్ ఫారూఖీని, జోకులు మనోభావాలను దెబ్బతీశాయన్న ఫిర్యాదు మీద, 2021 జనవరి 1న ఇందోర్‌లో పట్టుకెళ్లారు. ఆ రోజు వేదిక మీద ఫిర్యాదులో చెప్పిన జోకులే వేయలేదని ఆయన తరఫు వాదన. నెల రోజులకు పైగా జైల్లో ఉన్నాక సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టు 20న ఆయన ప్రదర్శన హైదరాబాద్ శిల్పకళావేదికలో పోలీసుల మధ్య జరిగింది. దాన్ని అడ్డుకుంటానన్న ఎమ్మెల్యే రాజాసింగ్ రెండు రోజులకు మహమ్మద్ ప్రవక్త మీద వ్యాఖ్యలతో ఒక వీడియో పెట్టి, తనదీ కామెడీయే అన్నారు. నగరం అట్టుడికింది, అరెస్టయ్యారు, పార్టీ సస్పెండ్ చేసింది. మనోభావాలే కొలత అయితే ఈ రెండు సంఘటనలూ ఒకే గాటన పడతాయి, అటు కొందరు నొచ్చుకున్నారు, ఇటు కొందరు నొచ్చుకున్నారు. ‘కామెడీ’ అన్న చీటీ అంటిస్తే సరుకు మారదని చెప్పడానికి వేరే తూకంరాయి కావాలి.

పాలకోడు దగ్గర ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 5.87 శాతం, అంటే నూటికి దాదాపు ఆరుగురు. ధర్మపురి, కృష్ణగిరి పల్లెల్లో తెలుగు ఇంట్లో మాట, తమిళం బడిలో మాట, టీవీలో రోజంతా ఆదిత్య, సిరిప్పొలి చానళ్ల తమిళ కామెడీ. కవుండమణి సెంథిల్‌ను తన్ని, రంగునూ తలకాయనూ తిట్టే పాత సీన్లు మూడు తరాలకు కంఠతా వచ్చు. తెలుగువాడు కనబడితే ‘గొల్టి’ అనడం ఆ హాస్యం వీధిలోకి దిగిన రూపాల్లో ఒకటి.

ఆ మాట పాలకోడు టమాటా మండీలో వినబడితే ఎవరికీ పట్టదు. క్రేట్లు దింపేవాడు, దళారీ, లారీ డ్రైవరు తెలుగూ తమిళమూ కన్నడమూ కలిపి మాట్లాడుతూ ఒకరి భాషను ఒకరు వెక్కిరించుకుంటారు. తెలుగువాడు ‘అరవోడా’ అంటాడు, తమిళుడు ఆ మాట అంటాడు, ఇద్దరూ ధర దగ్గర పంతానికి దిగుతారు. బదులు చెప్పగల ఇద్దరి మధ్య సాగే ఎగతాళి అది. అదే మాట బడిలో తమిళం యాసగా పలికే ఆరో తరగతి పిల్లవాడి మీద నలభై మంది పిల్లలు వాడితే బదులు లేదు. ఆ పిల్లవాడు తరగతిలో నోరు తెరవడం మానేస్తాడు. మాట ఒకటే, పడిన చోటు వేరు.

తమిళనాట నూటికి ఆరుగురైన ఆ తెలుగువారు కూడా ఒకేలాంటివారు కారు. భూములున్న నాయుళ్లు, రెడ్లు తెలుగువారే. పడమటి తమిళ జిల్లాల్లో పారిశుద్ధ్య పనుల్లోకి నెట్టబడిన అరుంధతియర్లలో చాలామంది ఇంటి భాష కూడా తెలుగే. తమిళనాడు ప్రభుత్వం 2009లో వారికి ఎస్సీ కోటాలో 3 శాతం లోపలి రిజర్వేషన్ ఇచ్చింది, వారు అంత వెనకబడి ఉన్నారు గనుకే. ‘వందేరి’, అంటే బయటినుంచి వచ్చినవాడు, అన్న ఎత్తిపొడుపు పెద్ద రైతు మీద పడితే చిరాకు. అరుంధతియర్ కుటుంబం మీద పడితే అది కులం తిట్టుతో కలిసి, ‘ఈ ఊరు నీది కాదు’ అన్న హెచ్చరిక అవుతుంది. 2024 నవంబరు 3న నటి కస్తూరి చెన్నై ఎగ్మూరు సభలో, తెలుగువారు ఒకప్పటి రాజుల అంతఃపుర స్త్రీలకు సేవ చేయడానికి వచ్చినవారన్న అర్థంలో మాట్లాడారు. తన మాటను వక్రీకరించారని చెప్పి, ఆపైన వెనక్కి తీసుకున్నారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ముందస్తు బెయిల్ నిరాకరించింది, నవంబరు 16న హైదరాబాద్‌లో అరెస్టు జరిగింది. అప్పుడు గట్టిగా స్పందించిన తెలుగు సంఘాలు మాట్లాడింది ‘తెలుగు జాతి గౌరవం’ గురించి. పాకీపనిలో ఉన్న తెలుగువాడి మీద రోజూ పడే జోకుల ఊసు ఆ ప్రకటనల్లో వెతికినా కనబడదు.

2024 జులై 8 తీర్పు వైకల్యానికే పరిమితం కదా, భాషకూ కులానికీ ఎలా పెడతారు అనే అభ్యంతరం రావచ్చు. నిజమే, చట్టపరంగా దాని పరిధి అదే. కానీ అది వాడిన తర్కం, అప్పటికే కింద ఉన్నవాణ్ని ఈ నవ్వు ఇంకా కిందికి తొక్కుతోందా అన్నది, కులానికీ యాసకూ అచ్చంగా సరిపోతుంది. తెలుగు సినిమా దశాబ్దాలపాటు తెలంగాణ యాసను రౌడీకీ జోకర్‌కూ, ఉత్తరాంధ్ర యాసను పనిమనిషికీ వాచ్‌మన్‌కూ కేటాయించింది. ఆ ప్రాంతాల వారు ఇంటర్వ్యూల్లో యాస దాచుకుని మాట్లాడాల్సి వచ్చిందంటే ఆ కేటాయింపుకూ దానికీ సంబంధం లేదనడం కుదరదు.

హాస్యం చచ్చిపోతుందనే వాదన కూడా ఉంది. కెనడాలో మైక్ వార్డ్ అనే కమెడియన్ ముఖ వైకల్యం ఉన్న ఒక యువ గాయకుడి మీద వేసిన జోకుల కేసు వారి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2021 అక్టోబరులో 5-4 తేడాతో కమెడియన్ పక్షాన తేలింది. మన సుప్రీంకోర్టే 2017లో సర్దార్జీ జోకులకు మార్గదర్శకాలు పెట్టలేమని చెప్పింది. ఈ మాటల్లో బలం లేకపోలేదు, కానిస్టేబుల్ చేతికి జోకుల కత్తెర ఇవ్వడం ఎవరికీ మంచిది కాదు. కానీ ఈ వాదన చేసేవారు 2024 జులై 8 తీర్పు చదవనట్టే మాట్లాడతారు. ఆ ధర్మాసనం కూడా సినిమాను ఆపలేదు. నిషేధించకుండానే ఏది హీనమో చెప్పవచ్చని చేసి చూపింది.

ఆ పని తర్వాతివారు కొనసాగించారా? 2025 ఆగస్టు 25న సుప్రీంకోర్టు సమయ్ రైనాతో సహా కొందరు యూట్యూబ్ కమెడియన్లను వైకల్యం ఉన్నవారిపై వేసిన జోకులకు క్షమాపణ చెప్పమంది, సోషల్ మీడియాకు మార్గదర్శకాలు రూపొందించమని కేంద్రానికి చెప్పింది. యూట్యూబ్ కుర్రాళ్లను నిలబెట్టడం సులువు. ప్రతి ఆదివారం కోట్ల ఇళ్లలో ఆడే సినిమా హాస్యం, టీవీ స్కిట్లు ఆ బోనులోకి రానే రావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, నలుగురూ చూసే చోట వారిని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. తెలుగు టీవీ షోల రచయితలకు ఆ సెక్షన్ ఉందని ఎవరైనా చెప్పారో లేదో.

హైదరాబాద్, చెన్నై సెన్సార్ కార్యాలయాలు బూతుమాట వినబడగానే మ్యూట్ చేయిస్తాయి, సిగరెట్టు కనబడగానే అడుగున హెచ్చరిక వేయిస్తాయి. సినిమాలను తూచే కమిటీల్లో వైకల్యం ఉన్నవారికి చోటుండాలని, వారి గురించి వారు లేకుండా నిర్ణయించవద్దని 2024 జులై 8 తీర్పు చెప్పింది. దాన్ని ఆచరణలో పెట్టే తొందర ఎవరికీ ఉన్నట్టు లేదు. దేనికి తొందరపడతారో తెలియాలంటే ఇంకో నిబంధన చూడాలి. సినిమాలో ఒక ఎద్దును నడిపించాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి తెచ్చుకోవాలి, ఆ కాగితం లేకపోతే సర్టిఫికెట్ దగ్గర బండి ఆగుతుంది. నత్తి ఉన్న మనిషిని రెండున్నర గంటలు నవ్వులపాలు చేయాలంటే ఎవరినీ అడగక్కర్లేదు.